పెద్దాయన తుపాకీ, రొయ్యల పెట్టె మూత

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ఆ వారంలోనే పొదలకూరు వైపు ఒక పల్లె నుంచి నాకు ఫోన్ వచ్చింది. మా నాన్నకు పాత స్నేహితుడు, నేను పెదనాయనా అని పిలిచే మనిషి. "అబ్బయా, తుపాకీ ఇచ్చేయాలంట. ఇచ్చే ముందర ఫోటోలు తీసేదానికి నువ్వు రావాల. అన్ని వైపులా తీయాల. ఒక్క గీత కూడా తప్పిపోకూడదు" అన్నాడు.

ఎన్నికలొస్తే లైసెన్స్ తుపాకీలను చాలామంది చేత డిపాజిట్ చేయిస్తారు, ఫలితాలు వచ్చాక తిరిగి ఇస్తారు. 2019లో అలా వెళ్లి వచ్చిన తుపాకీ కొయ్య మడమ మీద, అంటే భుజానికి ఆనించే వెనక భాగం మీద, పెదనాయన ఒక గీత చూశాడు. బొటనవేలంత పొడవు. ఎక్కడ పడిందో తెలియదు. ఇచ్చిన చోటే పడిందా, జీపులోనా, ఇంట్లో బీరువా తలుపు తగిలిందా? ఎవరినీ అనలేదు, అనడానికి ఆధారమూ లేదు. ఐదేళ్లుగా ఆ గీత తుపాకీ మీద కన్నా ఆయన మనసులోనే ఎక్కువ లోతుగా ఉంది. అందుకే ఈసారి నన్ను పిలిచాడు.

నేను నెల్లూరులో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని. తుపాకీ ఏముంది, కదలదు, కళ్లు మూయదు, అత్తగారి పక్కన నిలబడనని అలగదు అనుకుని వెళ్లాను. రెండు ఫ్లాష్‌లు, రెండు గొడుగులు, ఆల్బమ్ కవర్లకు వాడే నల్ల వెల్వెట్ గుడ్డ తీసుకుపోయాను. గంటలో ముగించి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చని లెక్క.

సాయంత్రం దాకా తీసిన తొంభై ఫోటోల్లో ఒక్కటీ పనికిరాలేదు.

అది జంట గొట్టాల 12 బోర్ తుపాకీ. నల్ల గుడ్డ మీద పెట్టి ఫ్లాష్ కొడితే గొట్టాల మీద రెండు తెల్లటి మంట గీతలు, మిగతాదంతా నలుపులో కరిగిపోయింది. గొట్టం ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియదు. కొయ్య మడమ మీద వార్నిష్ మెరిసి, ఏ గీత కోసమైతే నన్ను పిలిచారో ఆ గీతే కనపడలేదు. పెద్దది చేసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. గొట్టం మీద సన్నగా సాగిపోయి ఒక సీలింగ్ ఫ్యాన్, ఒక ట్యూబ్‌లైట్, ఎర్రచొక్కా వేసుకున్న ఒక మనిషి ఉన్నారు. ఆ మనిషి నేనే.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే ఇది నాకు తెలిసిన పాఠమే. వడ్డాణాన్నో కాసులపేరునో ఫోటో తీసేటప్పుడు బంగారానికి లైటు కొట్టకూడదని, బంగారంలో కనపడేదానికి లైటు కొట్టాలని పదిహేనేళ్లుగా అసిస్టెంట్లకు చెబుతున్నవాడిని. నునుపైన ఉక్కు అద్దం లాంటిదే, నల్లటి అద్దం. దాని మీద పడిన వెలుగు ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో అటువైపు వెళ్లిపోతుంది. అటువైపు కెమెరా ఉంటే మంట, లేకపోతే నలుపు. మధ్యస్థమంటూ లేదు. పైగా గొట్టం గుండ్రం. గదిలో సగాన్ని సన్న గీతలుగా నొక్కేసి తన మీద చూపిస్తుంది. రెండడుగుల గొడుగు కూడా అందులో దారమంత అవుతుంది. కాబట్టి తుపాకీకి కావలసింది ఎక్కువ లైటు కాదు, వెడల్పైన లైటు. తుపాకీ కన్నా పొడవుగా, తుపాకీకి బాగా దగ్గరగా ఉండే తెల్లటి వస్తువు ఒకటి దానికి కనపడాలి.

మర్నాడు మళ్లీ వెళ్లాను, ఫ్లాష్‌లు లేకుండా.

పెదనాయన ఇంట్లో ఉత్తరం వైపు వసారా గదికి పెద్ద కిటికీ ఉంది. మార్చి నెల కదా, సూర్యుడు దక్షిణానికి ఒరిగి వెళ్తున్నాడు, ఆ కిటికీలోకి ఎండ రాదు. కిటికీకి అడ్డంగా ట్రేసింగ్ పేపర్ రెండు షీట్లు అతికించాం. గది ఇవతలి గోడవైపు వెలుగు తిప్పికొట్టడానికి ఏదైనా తెల్లది కావాలన్నాను. పెదనాయన కొడుకుకి రొయ్యల గుంటలున్నాయి. వాకిట్లో ఐసు వేసి సరుకు పంపే థర్మాకోల్ పెట్టెలు గుట్టగా పడి ఉన్నాయి. నాలుగు మూతలు కడిగి, ఆరబెట్టి, వరసగా నిలబెట్టి టేపు వేశాం. ఎంత కడిగినా నీచు వాసన పోలేదనుకోండి, ఫోటోకు వాసన రాదు కదా. స్టూడియో దుకాణంలో కొన్న నా మడత రిఫ్లెక్టర్ కన్నా ఆ మూతలే బాగా పనిచేశాయి, ఎందుకంటే వాటిని తుపాకీ పొడవునా ఒక గోడలా నిలబెట్టగలిగాం.

ఇక్కడ పొడవు గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను మొదటి రోజు పడ్డ గోతుల్లో ఇదే పెద్దది. ఆ తుపాకీ మొత్తం పొడవు సుమారు 45 అంగుళాలు. గొడుగు లైటుని మడమ వైపు రెండడుగుల దూరంలో పెట్టాననుకోండి, గొట్టం మూతి దగ్గరికి వచ్చేసరికి ఆ దూరం ఆరడుగులకు దగ్గరవుతుంది. దూరం మూడింతలైతే వెలుగు మూడో వంతు కాదు, తొమ్మిదో వంతు అవుతుంది. పెళ్లికూతురి ముఖానికి ఈ లెక్కతో పెద్దగా పని పడదు, ముఖం జానెడే కదా. గ్రూపు ఫోటోలో మాత్రం ఒక చివర బావగారు తెల్లగా, ఇంకో చివర మరదలు నల్లగా వచ్చి మనకు తిట్లు పడేది ఈ లెక్క వల్లే. పొడవాటి వస్తువుకి వెలుగు చివర నుంచి రాకూడదు. పొడవునా పక్క నుంచో, పై నుంచో రావాలి. కిటికీకి సమాంతరంగా బల్ల జరిపేసరికి సగం పని అయిపోయింది. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేశాం, లేకపోతే ఉక్కు ఒక చివర నీలంగా, ఇంకో చివర పచ్చగా వస్తుంది. ఫ్యాన్ కూడా ఆపేశాం. నెల్లూరు మార్చిలో ఫ్యాన్ ఆపడమంటే త్యాగమే. కానీ తిరిగే రెక్కలు గొట్టంలో కనపడతాయి, పైగా దుమ్ము వచ్చి పడుతుంది. చెమట చుక్క ఉక్కు మీద పడితే తుప్పుకి పిలుపే కాబట్టి భుజాన తువ్వాలు వేసుకుని పనిచేశాను. తుపాకీని మాత్రం నేను ముట్టుకోలేదు.

ఆ సంగతీ చెప్పాలి. తుపాకీని స్టూడియోకి పంపిస్తే హాయిగా తీసిపెడతానని ముందు నేనే అన్నాను. పెదనాయన ఒప్పుకోలేదు, ఆయనదే న్యాయం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ మనిషిది. ఫోటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదేమో కానీ, లైసెన్స్ లేని నేను దాన్ని నా దగ్గర పెట్టుకోవడం తప్పు. అందుకే రెండు రోజులూ ఆయనే తిప్పాడు, ఆయనే నిలబెట్టాడు. తూటాలు వేరే గదిలో బీరువాలో ఉన్నాయి. బల్ల మీద పెట్టే ప్రతిసారీ తుపాకీని మధ్యకు మడిచి, రెండు గొట్టాల్లోంచి కిటికీ వెలుగు కనపడేలా నాకు చూపించాడు. "నిన్న చూశాను కదా పెదనాయనా" అంటే, "నిన్న చూసింది నిన్నటికి" అన్నాడు.

ఆయన ముందుగా తుపాకీకి నూనె గుడ్డతో బాగా పట్టించి పెట్టాడు, పెళ్లికూతుర్ని చేసినట్టు. నూనె పొర ఉంటే ఉక్కు మీద నీటిలో పెట్రోలు తేలినట్టు రంగులు కనపడతాయి. పాత నూలు పంచె ముక్కతో పొడిగా తుడవమని, ఫోటోలయ్యాక మళ్లీ నూనె పట్టించమని చెప్పాను. వేలిముద్రలూ పోయాయి.

కింద ఏం పరచాలన్నది పెద్ద పంచాయితీ అయింది. పెదనాయన కొడుకు, నాకు తమ్ముడి వరస, చీమకుర్తి నుంచి తెచ్చిన గెలాక్సీ గ్రానైట్ పలక ఉందని చూపించాడు. వంటగది గట్టు వేయగా మిగిలింది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు, దేశాలన్నీ కొనుక్కుపోయే రాయి. "దీని మీద పెడితే సూపరన్నా" అన్నాడు. పెట్టి చూశాం. ఆ పాలిష్ మరో అద్దం. తుపాకీ కింద ఇంకో తుపాకీ తలకిందులుగా తేలింది, చుట్టూ చుక్కలు నక్షత్రాల్లా మెరిశాయి. సినిమా పోస్టర్‌కి బాగుంటుంది. కానీ ఉక్కు మీద ఏది మచ్చో, ఏది రాతిచుక్క నీడో చెప్పలేం. తెల్ల దుప్పటి కూడా వేసి చూశాం. కెమెరా మీటరు తన ముందున్నదంతా సగటున బూడిద రంగులో ఉందనుకుని లెక్క వేస్తుంది కాబట్టి దుప్పటిని మసక చేసి తుపాకీని బొగ్గు చేసింది. నల్ల వెల్వెట్ మీద సరిగ్గా దీనికి తిరగబడి, గుడ్డను బూడిద చేయబోయి గొట్టాన్ని కాల్చేసింది. దాన్ని ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపో సగమో అయ్యేంత, అటూ ఇటూ జరిపి సరిచేయొచ్చు, నిజమే. కానీ ప్రతి ఫోటోకీ ఆ బేరం ఎందుకు?

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది మార్కాపురం పలక రాయి. వసారా గోడకు అతికించగా మిగిలిన పెంకులు ఆరేడు ఉన్నాయి. చిన్నప్పుడు మనం బలపంతో దిద్దిన రాయే అది. నలుపూ కాదు, తెలుపూ కాదు, మెరవదు, పొరలు పొరలుగా చిన్న గరుకు. దాని మీద నీలి నలుపు ఉక్కు విడిగా నిలబడింది, కొయ్య ఎరుపు తేరింది. మీటరు లెక్కకూ సరిపోయింది. ప్రకాశం జిల్లా రాళ్లలో ఖరీదైనది ఓడిపోయి బడిపిల్లల రాయి గెలిచిందని నేనంటే, తమ్ముడు నవ్వలేదు.

ఇంక మడమ మీది గీత. వార్నిష్ మెరుపు కింద అది దాక్కుంటోంది. ఇక్కడ పోలరైజర్ ఫిల్టర్, లెన్స్ ముందు బిగించి తిప్పే అద్దం, పనికొచ్చింది. కొయ్య పైతలానికి దాదాపు 35 డిగ్రీల వాలులో కెమెరా పెట్టి ఫిల్టర్ తిప్పితే, వార్నిష్ మీది తెల్లటి మెరుపు ఒకచోట చటుక్కున ఆరిపోయి కొయ్య నారలు కనపడతాయి. అదే ఫిల్టర్ గొట్టం మీద ఎంత తిప్పినా చెప్పుకోదగ్గ తేడా రాదు, ఎందుకంటే వట్టి లోహం నుంచి తిరిగొచ్చే వెలుగు నీళ్ల మీద నుంచో, వార్నిష్ మీద నుంచో వచ్చినట్టు ఒకే దిశకు సర్దుకుని రాదు. ఉక్కు మెరుపుకి ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కసారైనా తిప్పి చూశారా అని నాకు అనుమానం.

తీరా గీత కనపడింది కానీ రంగుగానే కనపడింది, లోతు తెలియలేదు. కిటికీ మూసి, ఒక చిన్న టార్చిని మడమ పక్కనే దాదాపు పడుకోబెట్టి వేశాను. పొలంలో సాయంత్రపు ఎండకి మట్టిబెడ్డలన్నిటికీ నీడలు లేచినట్టు, గీత ఒడ్డు నీడ పడింది. అప్పుడు పెదనాయన కళ్లజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగాడు. "అదే, అదే. చూడు, మేకుతో గీసినట్టు లేదూ!"

నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. వస్తువు అందంగా కనపడే వెలుగు వేరు, దాని ఒంటి మీది దెబ్బలు కనపడే వెలుగు వేరు. మెత్తటి కిటికీ వెలుగు గీతల్ని క్షమిస్తుంది. పడుకున్న టార్చి వెలుగు దేన్నీ క్షమించదు, దుమ్ము రేణువుని కూడా కొండను చేస్తుంది. రెంటినీ ఒక్క ఫోటోలో తెద్దామని తిప్పలు పడేవాళ్లకి రెండూ దక్కవు. ఎవరైనా తుపాకీ ఫోటో ఎలా తీయాలని అడిగితే నేను ముందు అడిగేది ఏ కెమెరా అని కాదు, ఫోటో ఎవరికి చూపించాలని. పెదనాయనకి ఆనవాలు కావాలి. పెద్దమ్మకి హాల్లో మామగారి పటం కింద పెట్టుకోవడానికి ఒక మంచి ఫోటో కావాలి. తమ్ముడికి రీల్ కావాలి.

టార్చి పట్టుకున్నాం కదా అని గొట్టాల అడుగున ముద్రలు కూడా తీశాం. అక్కరకొచ్చిన పని. కిరీటం కింద బీపీ, కిరీటం కింద ఎన్‌పీ అని అక్షరాలున్నాయి. అవి బర్మింగ్‌హామ్‌లో గొట్టాన్ని పరీక్షించే సంస్థ వేసే ముద్రలు, ఆ సంస్థ 1813 నుంచి ఉంది. 1954 తర్వాత పరీక్షించిన గొట్టాల మీద ఒత్తిడిని టన్నుల్లో కొట్టేవాళ్లు. దీని మీద టన్నుల ముద్ర లేదు. తన తండ్రి మద్రాసులో కొన్నాడని పెదనాయన చెప్పే మాటకి ఇది సరిపోయింది, 1953 దాకా మన నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోదే కదా. 12 బోర్ అంటే ఏంటని తమ్ముడు అడిగితే, ఒక పౌండు బరువు సీసం లోహాన్ని 12 సమాన గుండ్లు చేస్తే అందులో ఒక గుండు పట్టే గొట్టం అని పెదనాయన చెప్పాడు. రొయ్యల్లో కౌంట్ లెక్కలాగే, అంకె పెరిగితే సైజు తగ్గుతుంది. తమ్ముడికి అది వెంటనే ఎక్కింది.

ఇక తమ్ముడి కోరిక. గొట్టాలు కెమెరా వైపు తిప్పి, వెనకాల ఎర్ర లైటు వేసి, పొగతో తీయాలట. ఫోన్‌లో నమూనాలు చూపించాడు. నేను తీయనన్నాను. "టెన్షన్ ఎందుకన్నా, ఖాళీయే కదా" అన్నాడు. ఖాళీయే. కెమెరాని స్టాండు మీద పెట్టి, మనుషులంతా పక్కకి తప్పుకుని టైమరుతో తీయొచ్చు కూడా. సినిమావాళ్లు తీస్తారు. అయినా నేను తీయను. కారణం భయం ఒక్కటే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

లెక్క చూడండి. కెమెరా గొట్టం మూతికి అడుగు దూరంలో ఉంటే మూతి 12 అంగుళాల దూరం, మడమ 57 అంగుళాల దూరం. అంటే మూతి దాదాపు ఐదింతలు పెద్దదిగా పడుతుంది. ఫోటోలో రెండు బండి చక్రాలు, వాటి వెనక ఎక్కడో అగ్గిపెట్టెంత కొయ్య. ఫోకస్ మూతి మీద పెడితే మడమ పొగ అవుతుంది. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11కి బిగించినా అంత లోతు అందదు, ఇంకా బిగించి ఎఫ్ 22కి వెళ్తే ఫోటో మొత్తం మెత్తబడిపోతుంది. పనివాడు ఉలితో చెక్కిన తీగలు, కొయ్య నార, ట్రిగ్గర్ల వంపు, అరిగిన చోట బయటపడ్డ తెల్ల ఉక్కు, ఇవన్నీ పోయి రెండు బొక్కలు మిగులుతాయి. ఆ ఫోటోలో తుపాకీ లేదు, చూసేవాడి భయం ఉంది. దాన్ని నాటు తుపాకీతో తీసినా, పైపు ముక్కకి రంగు వేసి తీసినా అంతే వస్తుంది. మీ తాత తుపాకీ అయితే మీ తాతది అని తెలియాలి కదా అన్నాను.

నిజం చెప్పాలంటే నేనూ ఆ తాను ముక్కనే. ప్రీవెడ్డింగ్ షూట్లలో పెళ్లికొడుకు చేతికి ప్లాస్టిక్ పిస్తోలు ఇచ్చి తీసినవాణ్ణే. మనవాళ్లు ఫ్లెక్సీల మీద వేసుకుంటారు, ఊరు చూస్తుంది, పోలీసులూ చూస్తారు. 2019 సవరణతో సంబరాల్లో కాల్పులు జరిపి మనుషుల ప్రాణాల మీదికి తేవడం రెండేళ్ల జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడగల నేరమైంది. బహిరంగ చోట తుపాకీ ఆడించడం కూడా నిషేధమే. లైసెన్స్ ఉన్నవాడు అలాంటి ఫోటో పెట్టి లైసెన్స్ మీదికి తెచ్చుకోవడం తెలివితక్కువ. ఇది పక్కన పెట్టినా, ఫోటోగా చూసినా అది పేలవమే అని నా పట్టు.

మరి కంపోజిషన్ ఎలా? ఇందులో అసలు కష్టం ఆకారంలో ఉంది. 45 అంగుళాల పొడవు, ఆరేడు అంగుళాల ఎత్తు. అడ్డంగా పెడితే ఫ్రేములో సన్నటి చీలిక, పైనా కిందా బోలెడు రాయి. ఆనవాలు ఫోటోకి అదే సరి. దూరంగా నిలబడి, పొడవు లెన్స్‌తో, ఫోన్ అయితే రెండింతలో మూడింతలో దగ్గర చేసే లెన్స్‌తో, సరిగ్గా ఎదురుగా, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, పక్కన కుట్టుపని టేపు పరిచి. తర్వాత పైనా కిందా కత్తిరించేయాలి. ఫోన్ మామూలు లెన్స్‌తో దగ్గరికి వెళ్తే గొట్టం అరటిపండులా వంగుతుంది, తుపాకీ వంగిపోయిందని డిపాజిట్ దగ్గర అంటే ఏం చెప్తాం?

పెద్దమ్మ ఫోటో మాత్రం అనుకోకుండా దొరికింది. పెదనాయన అలవాటు ప్రకారం తుపాకీని మడిచి బల్ల మీద పెట్టి కాఫీకి లేచాడు. మడిచిన తుపాకీ అప్పటిదాకా లేని ఆకారంలో ఉంది. ఒక కొండెక్కి దిగినట్టు, రెండు చేతుల త్రిభుజం, ఫ్రేములో నిండుగా ఇమిడింది. కీలు దగ్గర లోపలి ఉక్కు వెండిలా, బయటి ఉక్కు నల్లగా. రెండు గొట్టాల వెనక నోళ్లు తెరుచుకుని కిటికీ వెలుగుని రెండు చందమామల్లా పట్టుకున్నాయి. గొట్టాల అటు అంచు రాతిలో కలిసిపోకుండా ఒక థర్మాకోల్ మూతను కాస్త ఎత్తాను, ఇటు అంచు తేలడానికి నల్ల చార్టు ముక్క పెట్టాను. గొట్టాలు చూసే వైపు కొంచెం ఖాళీ వదిలాను. అంతే. ఖాళీ తుపాకీ అని చూడగానే తెలిసే ఫోటో, పనివాడి పనితనమంతా కనపడే ఫోటో ఒకటే అయింది. తమ్ముడు కూడా ఆ ఫోటోనే పెట్టుకుంటానన్నాడు. పెట్టుకో కానీ నంబరు ఉన్న చోటు కనపడనీయకు, లొకేషన్ తీసేసి పెట్టు అన్నాను. ఇంట్లో తుపాకీ ఉందని ఊరికి తెలిస్తే తెలిసింది, ఏ గుమ్మం లోపలుందో ఫోటో చెప్పక్కర్లేదు.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. రెండో వారంలో తుపాకీ ఇంటికి చేరింది, పెదనాయన మళ్లీ ఫోన్ చేశాడు. పోల్చి చూడాలంటే అదే వెలుగు కావాలి కదా, బల్ల కాళ్ల దగ్గర మార్చిలోనే సుద్దతో గుర్తులు పెట్టి ఉంచాం. పొద్దున తొమ్మిదికి అదే కిటికీ, అదే రాయి, అవే మూతలు. కానీ వెలుగు అది కాదు. ట్రేసింగ్ పేపర్ మీద కిటికీ ఊచల నీడలు పడుతున్నాయి. ఉత్తరం కిటికీలో ఎండ!

ఉత్తరం వెలుగు ఎప్పుడూ మెత్తగా ఉంటుందని నేను చదివిన పుస్తకాలన్నీ చలిదేశాల్లో రాసినవి. నెల్లూరు 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్లిపోతాడు, ఆగస్టు మధ్య దాకా అక్కడే తిరుగుతాడు. ఆ మూడున్నర నెలలు మనకు మెత్తటి కిటికీ దక్షిణానిది. ఇన్నేళ్ల నుంచి ఈ ఊళ్లోనే వెలుగు అమ్ముకుని బతుకుతూ నేను ఇది గమనించలేదు. పెదనాయన మాత్రం, "ఉత్తరాయణం అని ఎందుకంటారనుకున్నావు?" అన్నాడు.

బల్లను దక్షిణం గదికి మార్చాం. మడమ, గొట్టాలు, కీలు ఒక్కొక్కటీ మార్చి నెల ఫోటో పక్కన పెట్టి చూశాం. ట్రిగ్గర్ రక్షణ వంపు దగ్గర ఒక మెరుపు నొక్కు కనపడింది, గోరు చివరంత. పెదనాయన ముఖం మారింది. పాత ఫోటోని బాగా పెద్దది చేశాను. అక్కడే ఉంది, అదే నొక్కు. ఆయన కుడిచేతి ఉంగరం తీసి దాని మీద ఆనించి చూశాడు. సరిపోయింది.

"నాదేనా ఇది" అని ఉంగరం జేబులో వేసుకుని, తుపాకీకి నూనె గుడ్డ పట్టుకురమ్మని లోపలికి కేకేశాడు. 2019 గీత ఎవరిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు.